మెరిసేదంతా మంచి కారు కాదు: పాత కార్లకు మార్కులు వేయడం నేర్చుకున్న రోజు

ఈ ఎపిసోడ్‌ని ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం.

మీ ముందు రెండు పాత కార్లు ఉన్నాయి అనుకోండి. ఒకటే కంపెనీ, ఒకటే మోడల్, ఒకటే సంవత్సరం. మొదటిది అద్దంలా మెరుస్తోంది. బానెట్ మీద మీ మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు. రెండోది కాస్త వెలిసిపోయింది. సీటు అంచు దగ్గర కుట్టు కొంచెం ఊడింది. డోరు తీస్తే లోపలి అంచు మీద పెయింటు కారి గడ్డకట్టిన గీత ఒకటి కనిపిస్తోంది. మీరే జడ్జి. దేనికి ఎక్కువ మార్కులు వేస్తారు?

నేనైతే ఏమాత్రం ఆలోచించకుండా మొదటిదానికే వేశా. తప్పు చేశా. ఆ తప్పు ఎందుకు తప్పో అర్థమయ్యేసరికి, అక్కడికి పద్నాలుగు వేల కిలోమీటర్ల దూరంలో, విజయవాడ ఆటోనగర్‌లో, మా ఇంటి కారు మీద అదే తప్పు నా డబ్బుతోనే జరుగుతోందని తెలిసింది. ఈ రోజు కథ అదే. కథతో పాటు వందేళ్ల చరిత్ర కూడా ఉంది. చివరిదాకా ఉండండి.

ఆ శనివారం

2023లో మా కంపెనీ నన్ను ఆర్నెల్ల ప్రాజెక్టు మీద టెక్సస్ పంపింది. అప్పటికి ఈ ఛానెల్ లేదు. బీటెక్‌లో మెకానికల్ చదివి, సాఫ్ట్‌వేర్‌లో తేలిన బోలెడు మందిలో నేనొకణ్ణి. మా టీమ్‌లో అరవై దాటిన ఒక అమెరికన్ పెద్దాయన ఉండేవారు. ఆయన దగ్గర 1967 షెవర్లే కార్వెట్ ఉంది. అంటే స్పోర్ట్స్ కారు. దాని గురించి మాట్లాడ్డం మొదలుపెడితే లంచ్ టైమ్ అయిపోయేది.

ఒకరోజు నేనూ ఊరుకోలేక మా కారు గురించి చెప్పా. మా తాతయ్య అంబాసిడర్, 1972 మోడల్. తాతయ్య దాన్ని 1978లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. ఆయన పోయాక అది పశువుల కొట్టం పక్కన పదేళ్లు పడి ఉంది. నేను జీతం దాచి, నాన్నతో చెప్పి, ఆటోనగర్‌లో ఒక షెడ్డుకి పంపించా. "కొత్తదాని కంటే బాగుండాలి" అని షెడ్డు వాళ్లకి ఫోన్‌లో నేనే చెప్పా. ఆ ఫోటోలు ఆయనకి గొప్పగా చూపించా. ఆయన అన్నీ చూశారు. బాగుందనీ అనలేదు, బాలేదనీ అనలేదు. "ఈ శనివారం ఖాళీయేనా?" అని అడిగారు.

అలా నేను వెళ్లింది కార్వెట్ అభిమానుల జడ్జింగ్ ట్రైనింగ్‌కి. అక్కడ నేషనల్ కార్వెట్ రెస్టోరర్స్ సొసైటీ అని ఒక సంఘం ఉంది. 1974లో పెట్టారు. పాత కార్వెట్లని ఎలా బాగుచేయాలి, బాగుచేసినవాటిని ఎలా పరీక్షించాలి అన్నదే వాళ్ల పని. జడ్జిలకి ఇది ఉద్యోగం కాదు, హాబీ. రిటైరైన టీచర్లు, ప్లంబర్లు, ఇంజనీర్లు. పొద్దున క్లాసు, మధ్యాహ్నం కార్ల దగ్గర ప్రాక్టికల్స్. అచ్చం మన బీటెక్ ల్యాబ్ లాగే, కాకపోతే రికార్డు కాపీ కొట్టడం కుదరదు.

నాలుగున్నర వేల మార్కుల పరీక్ష

ముందు పేపర్ ప్యాటర్న్ చెప్తా. మొత్తం మార్కులు సుమారు 4,500. అయిదు సెక్షన్లు: కారు పనిచేసే తీరు, మెకానికల్, ఛాసిస్, బయటి భాగం, లోపలి భాగం. 94 శాతం దాటితే మొదటి స్థాయి అవార్డు, 85 దాటితే రెండోది, 75 దాటితే మూడోది. జడ్జిలు ఇద్దరిద్దరుగా తిరుగుతారు. కారుని ముట్టుకోకూడదు. డోరు తీయాలన్నా, హారన్ కొట్టాలన్నా, వైపర్ వేయాలన్నా ఓనరే చేయాలి.

అసలు సంగతి ఏంటంటే, షీటులో చాలా భాగాలకి రెండు గళ్లుంటాయి. ఒకటి కండిషన్, అంటే ఎంత బాగా ఉంది. రెండోది ఒరిజినాలిటీ, అంటే ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన రోజు ఎలా ఉందో అలాగే ఉందా. ఈ రెండో గడిని ఊరికే అంచనాతో నింపకూడదు. అయిదు ప్రశ్నలు వేసుకోవాలి.

ఒకటి, రూపం: ఇది ఆ మోడల్‌కి రావాల్సిన భాగమేనా? రెండు, తేదీ: ఆ భాగం తయారైన తేదీ కారు తేదీకి సరిపోతుందా? మూడు, పూర్తిగా ఉందా, చిన్న క్లిప్పో వాషరో తగ్గిందా? నాలుగు, బిగింపు: ఫ్యాక్టరీలో బిగించిన పద్ధతిలోనే బిగించారా? అయిదు, ఫినిషింగ్: పెయింటు, పూత, మెరుపు అప్పటివేనా? ఒక్కోదానికి 20 శాతం. అంటే పది మార్కుల భాగానికి అన్నీ కరెక్టుగా ఉండి, తేదీ ఒక్కటి తేడా వస్తే రెండు మార్కులు పోతాయి.

ఇది విన్నాక కూడా నేను మొదటి ప్రాక్టికల్‌లో మెరిసే కారుకి ఫినిషింగ్‌లో ఫుల్ మార్కులు వేశా. ట్రైనర్ నా షీటు చూసి నవ్వారు. "1967లో ఈ మెరుపు ఎక్కడిది?" అని అడిగారు. అప్పట్లో కార్వెట్లకి వేసింది ల్యాకర్ పెయింటు. దగ్గరగా చూస్తే బత్తాయి తొక్కలా సన్నగా ఎగుడుదిగుడుగా ఉంటుంది. డోరు అంచుల్లో పల్చగా పడేది, అక్కడక్కడా కారేది. ఈ రోజుల్లో పైన క్లియర్ కోట్ వేస్తారు కదా, ఆ లోతైన గాజులాంటి మెరుపు ఆ ఫ్యాక్టరీలో పుట్టనే లేదు.

"ఫ్యాక్టరీలో వాళ్లు ప్రైజు కోసం కారు చేయలేదు. షిఫ్టు అయిపోయేలోపు ఇంకో కారు లైన్ దాటించాలని చేశారు" అన్నారు ఆయన. డోరు లోపల కారి గడ్డకట్టిన గీత ఉంది చూడండి, అది ఆ షిఫ్టులో ఒక మనిషి చెయ్యి. దాన్ని గీకి నున్నగా చేస్తే కండిషన్ గడిలో మార్కు రావచ్చు. ఒరిజినాలిటీలో పోతుంది. వెలిసిపోయిన కారుకి కండిషన్‌లో కొన్ని మార్కులు పోతాయి, నిజమే. కానీ దాని దగ్గర ఉన్నది మెరిసే కారు ఇంక ఎప్పటికీ సంపాదించుకోలేదు.

ఒకప్పుడు అందాల పోటీ

ఇక్కడ ఒక డౌటు రావాలి. కార్లకి మార్కులు వేయడం అంటే అందాల పోటీ కదా, ఈ తేదీలు, వాషర్ల గోల ఎప్పుడు మొదలైంది? ఇప్పుడు చరిత్రలోకి వెళ్దాం.

పాత కార్ల ప్రదర్శనల్ని ప్రపంచమంతా కాంకూర్ డెలిగాన్స్ అంటారు. ఫ్రెంచ్ మాట. అర్థం సోకుల పోటీ, అంతే. 1920లు, 30ల్లో ఫ్రాన్స్‌లో, ఇటలీలో ఇది ఫ్యాషన్ షో లాంటిది. అప్పట్లో డబ్బున్నవాళ్లు ఛాసిస్, ఇంజిన్ ఒక కంపెనీ దగ్గర కొని, బాడీ వేరే వాళ్లతో కట్టించుకునేవారు. మనం లారీ ఛాసిస్ కొని బాడీ బిల్డింగ్ షెడ్డుకి ఇస్తాం చూడండి, అలా. ఆ బాడీ కట్టేవాళ్లు తమ కొత్త డిజైన్లు చూపించుకునే వేదిక ఇది. ఇటలీలో కోమో సరస్సు ఒడ్డున విల్లా దెస్తె పోటీ 1929లో మొదలైంది. అక్కడికి వచ్చినవి కొత్త కార్లు. పాత కారు తెస్తే ఎవరు చూస్తారు?

అమెరికాలో ఇప్పుడు అన్నిటికంటే పేరున్నది కాలిఫోర్నియాలో పెబుల్ బీచ్ కాంకూర్. అది 1950లో ఒక కార్ల రేసు పక్కన చిన్న కార్యక్రమంగా మొదలైంది. అక్కడ కూడా మొదటి కొన్నేళ్లు టాప్ ప్రైజు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తయారైన కార్లకే పోయింది. అంటే ఆ రోజుకి కొత్తవే.

1955లో సీన్ మారింది. ఆ ఏడాది గెలిచింది 1931 నాటి పియర్స్ యారో. తెచ్చినవాడు ఫిల్ హిల్ అనే కుర్రాడు, రేసర్. ఆ కారు వాళ్ల అత్తయ్యది. తీసుకుని రెస్టోర్ చేసి తెచ్చాడు. ఇదే ఫిల్ హిల్ 1961లో ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. యుద్ధానికి ముందరి కారు ఒకటి పెబుల్ బీచ్‌లో టాప్ ప్రైజు కొట్టడం అదే మొదటిసారి. ఒక అత్తయ్య కారుతో ఈ హాబీ దారే మారిపోయింది. పాతది బాగుచేస్తే కొత్తదాన్ని కొట్టగలదని అందరికీ తెలిసింది.

తెలిశాక ఏమవుతుంది? పోటీ పెరుగుతుంది. అందరూ బాగుచేస్తారు. గెలవాలంటే పక్కవాడి కంటే ఎక్కువ బాగుచేయాలి. వంద మార్కుల్లో వందకి వంద కావాలి. అక్కడి నుంచి కార్లు ఫ్యాక్టరీలో పుట్టినదాని కంటే బాగా తయారవడం మొదలైంది. కంపెనీ నల్ల పెయింటు వేసిన చోట క్రోమ్ పూత. గరుకుగా వదిలేసిన ఇనుప పోతని రాకి రాకి వెండి గిన్నెలా చేయడం. రెస్టోరేషన్ అంటే తిరిగి పాత స్థితికి తేవడం కదా? ఇది తేవడం కాదు, ఎప్పుడూ లేనిదాన్ని కొత్తగా కల్పించడం.

దీనికి ఎదురు తిరిగినవాళ్లే కార్వెట్ సంఘం లాంటి వాళ్లు. మాకు ఎక్కువ మెరుపు వద్దు, తక్కువ మెరుపూ వద్దు, ఆ రోజు ఫ్యాక్టరీ గేటు దాటినప్పుడు ఉన్నంతే కావాలి అన్నారు. ఫ్యాక్టరీ కాగితాలు, పాత ఫోటోలు, చెయ్యి పడని కార్లు వెతికి, ఒక్కో ఏడాది మోడల్‌కి ఒక్కో జడ్జింగ్ పుస్తకం రాసుకున్నారు. ఏ బోల్టు తల మీద ఏ గుర్తుండాలి అన్న దాకా ఉంటుంది. మొదట చూసినప్పుడు ఇదంతా చాదస్తం అనిపించింది. మధ్యాహ్నం ఇంజిన్ దగ్గరికెళ్లాక ఆ మాట వెనక్కి తీసుకున్నా.

ఇంజిన్ మీద సన్న గీతలు

మన ఆర్‌సీ బుక్కులో ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఉంటాయి కదా. కార్వెట్ ఇంజిన్ బ్లాక్ మీద కూడా ముందువైపు చిన్న చదునైన చోట నంబర్లు కొట్టి ఉంటాయి. అందులో కారు సీరియల్ నంబరు కూడా ఉంటే, పుట్టినప్పటి ఇంజిన్ ఇదేనని అర్థం. అలాంటి కారు ధరకీ, ఇంజిన్ మార్చిన కారు ధరకీ చాలా తేడా ఉంటుంది. తేడా ఉన్నచోట మోసం ఉంటుంది. వేరే ఇంజిన్ తెచ్చి, పాత నంబరు అరగదీసి, కావాల్సిన నంబరు మళ్లీ కొడతారు.

దాన్ని ఎలా పట్టుకుంటారు? ట్రైనర్ టార్చిని ఏటవాలుగా పెట్టి చూడమన్నారు. నంబర్ల వెనక ఇనుము మీద వెంట్రుకంత సన్నని సమాంతర గీతలు కనిపించాయి. ఫ్యాక్టరీలో ఆ చోటుని మెషిన్ చదును చేసినప్పుడు పడ్డ గీతలవి. నంబరు అరగదీసినవాడు ఆ గీతల్నీ అరగదీస్తాడు. నంబరు మళ్లీ కొట్టడం తేలిక. ఆ గీతల్ని మళ్లీ తేవడం కష్టం.

ఇంకోటి, బ్లాక్ వెనక వైపు పోత పోసిన తేదీ ఉంటుంది. నెలకి ఒక అక్షరం: ఏ అంటే జనవరి, బి అంటే ఫిబ్రవరి, అలా. ఎఫ్ 20 7 అని ఉంటే జూన్ 20, 1967. అదే కారు 1967 ఏప్రిల్‌లో తయారైందని వేరే చోట రాసి ఉంటే? జూన్‌లో పోసిన ఇంజిన్ ఏప్రిల్ కారులోకి ఎలా వచ్చింది? ఎంత ఖరీదైన పెయింటు వేసినా ఈ ప్రశ్నకి జవాబు రాదు.

కోడ్ రాసేవాళ్ల భాషలో చెప్తే, కారు అంటే ఫైనల్ వెర్షన్ ఒక్కటే కాదు, దాని గిట్ హిస్టరీ కూడా. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో అంతా ఆ ఇనుము మీద, పెయింటు పొరల మీద రాసి ఉంటుంది. బేర్ మెటల్ దాకా గీకి కొత్త రంగు వేయడం అంటే, హిస్టరీ మొత్తం డిలీట్ చేసి "ఫైనల్" అని ఒక్క కమిట్ పెట్టడమే.

ఆ మాట నా బుర్రలోకి వచ్చిన క్షణంలోనే కడుపులో ఏదో తిరిగింది. ఎందుకంటే షెడ్డు వాళ్లకి నేను చెప్పిన మాట కూడా అదే: "పాత పెయింటు చుక్క మిగలకూడదు. మొత్తం గీకేయండి."

డిక్కీ మూత

మా కారు డిక్కీ మూత లోపలి వైపు తాతయ్య తెల్ల ఆయిల్ పెయింటుతో, సన్న కుంచెతో రాసుకునేవారు. మొదట్లో ఆయిల్ మార్చిన తేదీ, మీటర్ రీడింగ్. తర్వాత్తర్వాత ముఖ్యమైన ప్రయాణాలు కూడా రాశారు. మేనత్త పెళ్లికి తిరుపతి. తుపానప్పుడు ఊళ్లో వాళ్లని హైస్కూలుకి చేర్చడం. ఊళ్లో కాన్పులకి తెనాలి ఆసుపత్రికి వెళ్లిన రోజులు. అందులో ఒక లైను నాది. నేను పుట్టాక నన్నూ అమ్మనీ ఇంటికి తెచ్చిన తేదీ, పక్కన "మనవడు" అని. చిన్నప్పుడు డిక్కీ తీసినప్పుడల్లా ఆ మాట చదివేవాణ్ణి.

అక్కడ మధ్యాహ్నం ఒంటిగంట. ఇక్కడ రాత్రి పదకొండున్నర. నాన్నకి ఫోన్ చేశా. నిద్రలో లేచి కంగారుపడ్డారు.

"ఏరా, ఏమైంది? బానే ఉన్నావా?"

"బానే ఉన్నా నాన్నా. కారు డిక్కీ... లోపలి వైపు కూడా గీకేశారా?"

కాసేపు మాట్లాడలేదు. "మొన్ననేరా. టింకరింగ్ అయిపోయి, లప్పం కూడా పెట్టేశారు. నువ్వేగా అంతా గీకమన్నావ్."

"మీరైనా చెప్పలేదేం నాన్నా?"

"ముచ్చటపడి చేయించుకుంటున్నావు కదా అని ఊరుకున్నా."

షెడ్డు వాళ్ల తప్పు ఇసుమంతైనా లేదు. నేను చెప్పిన పని నేను చెప్పినట్టు, శుభ్రంగా చేశారు. డబ్బు పంపింది నేను. మాట చెప్పింది నేను. నాన్నని ఒక్కసారి కూడా అడగనిది నేను.

ఇంకో సంగతి కూడా ఉంది. మైలేజీ వస్తుందని పాత పెట్రోల్ ఇంజిన్ తీసి, వేరే బండి డీజిల్ ఇంజిన్ పెడదామని షెడ్డు వాళ్లు అన్నారు, నేను సరే అని అడ్వాన్సు కూడా పంపా. ఇంజిన్ కిందికి దించారు, కానీ ఇంకా ఎవరికీ అమ్మలేదు. ఆ రాత్రే నాన్న చేత షెడ్డు మేస్త్రికి ఫోన్ చేయించి ఆపించా. అడ్వాన్సు పోయింది, ఇంజిన్ మిగిలింది.

గొయ్యిలో పడ్డ ఎనిమిది కార్లు

సాయంత్రం తిరిగొస్తూ ఆ పెద్దాయనకి డిక్కీ సంగతి చెప్పా. ఆయన ఓదార్చలేదు. ఒక కథ చెప్పారు. అది నిజంగా జరిగిందే.

కెంటకీ రాష్ట్రంలో బౌలింగ్ గ్రీన్ అనే ఊరుంది. కార్వెట్లు తయారయ్యేది అక్కడే. నేషనల్ కార్వెట్ మ్యూజియం కూడా అక్కడే. 2014 ఫిబ్రవరి 12న తెల్లవారుజామున ఆ మ్యూజియం హాలు నేల ఒక్కసారిగా కుంగిపోయింది. కింద సున్నపురాయి గుహలు. ఎనిమిది కార్వెట్లు గొయ్యిలోకి పోయాయి. ఇంకా తెరవలేదు కాబట్టి మనుషులెవరికీ ఏమీ కాలేదు.

అన్నిటినీ బయటికి తీశారు. ఇప్పుడు ఏం చేయాలి? తయారు చేసిన కంపెనీయే పక్కనుంది, డబ్బుంది, ఎనిమిదింటినీ కొత్తవాటిలా చేసేయొచ్చు. కానీ చివరికి బాగుచేసింది మూడింటినే. ఒకటి 2009 మోడల్ బ్లూ డెవిల్. ఒకటి 1962 మోడల్. ఇంకోటి 1992లో తయారైన పది లక్షలవ కార్వెట్. ఆ పది లక్షలవ కారు భాగాల మీద దాన్ని తయారు చేసిన ఫ్యాక్టరీ కార్మికుల సంతకాలున్నాయి. కొత్త భాగం వేయడం తేలికైనా, సంతకాలున్నవాటిని వీలైనంత వరకు కాపాడుతూ బాగుచేశారు.

మిగతా అయిదింటినీ నుజ్జునుజ్జయిన స్థితిలోనే వదిలేశారు. వాటిని బాగుచేస్తే అందులో పాత కారు ఏమీ మిగలదు, పేరు తప్ప. అలా వదిలేస్తే ఆ రోజు ఏం జరిగిందో చూపించే సాక్ష్యంగా ఉంటాయి. "ఏది బాగుచేయాలో తెలిసినవాడు మెకానిక్. ఏది వదిలేయాలో కూడా తెలిసినవాడు రెస్టోరర్" అన్నారు ఆ పెద్దాయన.

ఈ ఆలోచన కార్ల వాళ్లు కనిపెట్టింది కాదు. కట్టడాల వాళ్ల దగ్గర నేర్చుకున్నది. పాత కట్టడాలని ఎలా కాపాడాలో చెప్పే వెనిస్ చార్టర్ 1964లో వచ్చింది. కొత్తగా చేర్చిన భాగం పాతదాంట్లో కలిసిపోయి మోసం చేయకూడదు, తేడా తెలియాలి అని అందులో ఉంది. ఆ దారిలోనే పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 2013లో ట్యూరిన్ చార్టర్ తెచ్చింది. ముందు ఉన్నదాన్ని కాపాడు, తప్పనిసరైతేనే మార్చు, మార్చింది రాసిపెట్టు. దాని సారం ఇదే. మన ఊళ్లలో వందల ఏళ్ల నాటి రాతి శిల్పాల మీద భక్తితోనే ఎనామెల్ రంగులు వేసేస్తారు చూడండి. వేసేవాళ్లకి దుర్బుద్ధి ఉండదు. నాకూ లేదు.

ఇక్కడితో ఆ చరిత్ర ఒక చుట్టు తిరిగింది. 2024 ఆగస్టులో పెబుల్ బీచ్‌లో టాప్ ప్రైజు ఏ కారుకి వచ్చిందో తెలుసా? 1934 నాటి బుగాటీ టైప్ 59కి. రేసుల్లో పరుగెత్తిన కారు. తర్వాత బెల్జియం రాజు మూడో లియోపోల్డ్ దగ్గరికి వెళ్లింది. దాన్ని రెస్టోర్ చేయలేదు. పాత నలుపు రంగు, పగుళ్లు, గీతలు, అన్నీ అలాగే ఉన్నాయి. రెస్టోర్ చేయని కారు అక్కడ టాప్ ప్రైజు గెలవడం అదే మొదటిసారి. 1950లో కొత్త కారు గెలిచింది. 1955లో బాగుచేసిన పాత కారు గెలిచింది. 2024లో చెయ్యి పెట్టని పాత కారు గెలిచింది. డెబ్బై నాలుగేళ్లలో ప్రశ్న మారిపోయింది. ఎంత అందంగా ఉంది అన్న చోట, ఎంత నిజంగా ఉంది అని అడుగుతున్నారు.

మన దగ్గర

ఇదంతా అమెరికా వాళ్ల సరదా, మనకెందుకు అంటారా? ఢిల్లీలో స్టేట్స్‌మన్ పత్రిక పాత కార్ల ర్యాలీ 1964 నుంచి జరుగుతోంది. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం గారి పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది, 1912 నాటిది. ఆర్డరు ఇచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. కారు చేతికొచ్చేలోపే 1911లో ఆయన చనిపోయారు. ఈసారి వెళ్తే సెల్ఫీ తీసుకున్నాక ఒక్క నిమిషం ఆగి, ఈ అయిదు ప్రశ్నలతో దాన్ని చూడండి. వేరే కారు కనిపిస్తుంది.

రాజుల కార్ల సంగతి పక్కన పెట్టినా, మన ఇళ్లకి పనికొచ్చే రూల్ ఒకటుంది. 2021 జులైలో కేంద్రం మోటారు వాహనాల రూల్స్‌లో వింటేజ్ వాహనాలకి వేరే రిజిస్ట్రేషన్ పెట్టింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన టూవీలర్లు, ఫోర్ వీలర్లు దీంట్లోకి వస్తాయి. నంబరు ప్లేటులో రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అని ఉంటుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, తిరిగి చేయించుకోడానికి 5,000. పదేళ్లు చెల్లుతుంది. రోజూ రోడ్డు మీద తిప్పడానికి, కిరాయికి కుదరదు. ప్రదర్శనలకి, ర్యాలీలకి, పెట్రోలుకి, రిపేరుకి తీసుకెళ్లొచ్చు.

షరతు ఏంటో తెలుసా? బండి అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్, బాడీ షెల్, ఇంజిన్‌లో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. అంటే మైలేజీ కోసం నేను డీజిల్ ఇంజిన్ పెట్టించి ఉంటే, 51 ఏళ్లు బతికిన మా కారు ఆ అర్హత నా చేతుల్లోనే పోగొట్టుకునేది.

అంబాసిడర్ 1957లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ డిజైన్ మీద మొదలైంది. బెంగాల్‌లో ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ 2014లో ఆగిపోయింది. ఇంక కొత్త అంబాసిడర్ పుట్టదు. ఉన్నవాటిలో ఎన్నిటికి పుట్టినప్పటి ఇంజిన్ ఉందో, ఎన్నిటి డిక్కీలో ఎవరి చేతిరాత ఉందో, అది ఆ ఇళ్లవాళ్లకే తెలియాలి.

ఇప్పుడు మా కారు

మా కారు ఇప్పుడు తెనాలి దగ్గర మా ఇంట్లోనే ఉంది. తాతయ్య నాటి 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్‌నే బాగుచేయించాం. డీజిల్ ఇంజిన్ కంటే ఎక్కువ ఖర్చయింది, ఆరు నెలలు ఎక్కువ పట్టింది. ఇంజిన్ మీద నంబరు, ఆర్‌సీలో నంబరు ఒకటే. నేనే టార్చి పెట్టి చూశా. వింటేజ్ రిజిస్ట్రేషన్ కాగితాలు రెడీ చేస్తున్నాం. సీట్ల రెక్సిన్ కొత్తది వేయకుండా చిరిగిన చోట మాత్రమే కుట్టించాం. వెనక డోరు మీద రథోత్సవం రోజు పడ్డ చిన్న సొట్ట ఉండేది. అది బాడీతో పాటే పోయింది.

డిక్కీ మూత లోపల ఇప్పుడు నున్నగా, తెల్లగా ఉంది. మేనత్త కూతురి పెళ్లి ఫోటోల్లో ఒకదాంట్లో వెనకాల డిక్కీ తెరిచి ఉంది. జూమ్ చేస్తే నాలుగు లైన్లు చదవగలిగాం. నా లైను అందులో లేదు. నాన్న, "మళ్లీ రాయిద్దామా, పెయింటర్ ఉన్నాడుగా?" అన్నారు. వద్దన్నా. నంబరు మళ్లీ కొట్టినట్టే అవుతుంది అది. తాతయ్య రాసింది కాదు కదా. ఆ ఫోటో ప్రింటు తీయించి, గ్లవ్ బాక్సులో పెట్టాం. దాని కింద నేనే రాశా: ఈ రాత 2023లో నా పొరపాటు వల్ల చెరిగిపోయింది అని. మార్చింది రాసిపెట్టాలి కదా, రూల్ ప్రకారం.

వెళ్లేముందు నాలుగు మాటలు. మీ ఇంట్లో పాత స్కూటరో, కారో, తాతయ్య రేడియోనో ఉండి బాగుచేయించాలనుకుంటే, ఒకటి, స్క్రూ విప్పకముందే ఫోన్ తీసి లోపల, బయట, మూతల వెనక, సీట్ల కింద అంతా ఫోటోలు తీయండి. రెండు, ఊడదీసిన పాత భాగం పనికిరాకపోయినా షెడ్డులో వదిలేయకండి, సంచీలో వేసి పేరు రాసి ఇంటికి తెచ్చుకోండి. మూడు, ఇంజిన్, ఛాసిస్ జోలికి వెళ్లేముందు ఆర్‌సీ ఒకసారి చూడండి. నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. ఆ వస్తువు వాడిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, వాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని ఒకటే అడగండి: "దీంట్లో ఏది మార్చొద్దు?"

నేను ఆ ప్రశ్న నాన్నని అడిగి ఉంటే డిక్కీ మూత చూపించేవారు.

మీ ఇంట్లో బండి మీద ఎవరి చేతిరాత ఉందో కామెంట్లో రాయండి. ఫోటో తీసిపెట్టుకున్నాకే రాయండి. మళ్లీ కలుద్దాం. ఉంటానండీ.